నా, నాది తెలిసిన పిల్లలకు మై, మైన్ నేర్పడం గురించి

తెలుగు రాష్ట్రాల ఇంగ్లీషు పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

మాన్యులైన రచయితలకు,

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సర్కారు బడి పిల్లలు చదివే ఇంగ్లీషు పుస్తకాలు మీ చేతుల మీదుగా వస్తాయి. వాటిలో ఒక్క పాఠం గురించే ఈ ఉత్తరం. సర్వనామాల పాఠం. అందులోనూ ఒక వస్తువు ఎవరిదో చెప్పే మాటలు: మై, మైన్, హర్, హర్స్, ఇట్స్, దెయిర్. చూడడానికి అది అరపేజీ పట్టిక. ఒక పీరియడ్లో అయిపోతుంది. పిల్లలు బట్టీ పడతారు, ఖాళీలు పూరిస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో వాళ్ళ అక్క గురించి నాలుగు వాక్యాలు రాయమంటే 'షీ నేమ్ ఈజ్ లక్ష్మి' అని మొదలుపెడతారు.

ఆ తప్పు అజాగ్రత్తతో చేసింది కాదు. ఆ పిల్లకి తెలుగు బాగా వచ్చు, అందుకే అలా రాసింది. 'ఆమె వచ్చింది' అన్నా, 'ఆమె పేరు లక్ష్మి' అన్నా తెలుగులో 'ఆమె' మారదు. 'అతను వచ్చాడు' అనేది 'అతని పేరు' దగ్గర మారుతుంది గానీ ఆమెకు ఆ బెడద లేదు. ఇంగ్లీషు వేరేచోట కలుపుతుంది. 'ఐ సా హర్' అన్నా 'హర్ నేమ్' అన్నా అదే హర్. మన భాష కర్తకూ షష్ఠికీ ఒకే రూపం వాడుకుంటే, వాళ్ళ భాష కర్మకూ షష్ఠికీ ఒకే రూపం వాడుకుంది. మగవాడి దగ్గరికొచ్చేసరికి హీ, హిమ్, హిజ్ అని మూడూ విడిపోతాయి. ఈ ముక్క చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కాకపోతే పాఠం రాసేవారు ఒకసారి తెలుగు వైపు నిలబడి చూసి ఉండాలి.

నేను అడగబోయేదంతా అదే. హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం నాది. పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎక్కడ ఇట్టే అందుకుంటారో రోజూ కళ్ళముందు కనిపిస్తుంది. మనం ఎక్కువసేపు చెప్పేచోట వాళ్ళకు కష్టమే లేదు. వాళ్ళకు కష్టమైనచోట మనం ఆగనే ఆగం.

మై, మైన్ తేడా సంగతే చూడండి. వ్యాకరణ పుస్తకాలు దీనికి పేజీలకు పేజీలు ఇస్తాయి. తెలుగు పిల్లకు దాంట్లో కొత్త ఏముంది? 'ఇది నా పెన్ను', 'ఈ పెన్ను నాది' అని రెండేళ్ళ పిల్లవాడు తమ్ముడితో కొట్లాడేటప్పుడే తేడా తెలిసి మాట్లాడతాడు. పక్కన పేరు ఉంటే నా, నీ, మా, మీ. పేరు లేకుండా వస్తే నాది, నీది, మాది, మీది. ఇంగ్లీషులో మై, యువర్, అవర్ ఒక పక్క. మైన్, యువర్స్, అవర్స్ ఇంకో పక్క. గీత గీసినట్టు సరిపోతుంది. హిందీ పిల్లకు ఈ సౌకర్యం లేదు. 'మేరీ కితాబ్' అన్నా 'యే కితాబ్ మేరీ హై' అన్నా అదే మేరీ. దేశమంతటికీ కలిపి రాసిన పుస్తకం ఈ తేడా మీద చెమటోడ్చడంలో న్యాయముంది. మనకు మాత్రం ఒక్క వాక్యంతో తేలిపోతుంది. ఆ వాక్యం చెప్పే బదులు గైడ్లు 'మై అంటే నా యొక్క' అని అచ్చువేస్తాయి. ఈ 'యొక్క'ను ఏ ఇంట్లో ఎవరు మాట్లాడగా విన్నాం? 'నా యొక్క అమ్మ పిలుస్తోంది' అనే పిల్ల ఎక్కడైనా ఉందా? తెలిసిన 'నా'కు తెలియని తోక తగిలించి, దానితో తెలియని 'మై'ని విడమరుస్తున్నామన్నమాట.

చిన్న చిన్న తేడాలు ఉన్నాయి, ఒకటి రెండు మాటల్లో పోయేవే. పుస్తకం ఒకటైతే నాది, పది అయితే నావి. ఇంగ్లీషు మైన్‌కు ఆ పట్టింపు లేదు, అందుకే కొందరు పిల్లలు 'దీజ్ బుక్స్ ఆర్ మైన్స్' అంటారు. యువర్స్‌లో, హర్స్‌లో ఎలాగూ ఎస్ కనిపిస్తోంది కదా! 'ఆ తోక దానిది' అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషులో 'ఇట్స్'ను అలా వాక్యం చివర ఒంటరిగా నిలబెట్టడం వాడుకలో లేనట్టే.

ఇక పేర్ల గొడవ. 'మై'ని ఏమనాలి? రెన్ అండ్ మార్టిన్ దాన్ని పొసెసివ్ అడ్జెక్టివ్ అంటుంది. 1930ల నుంచి మన దేశంలో ఇంగ్లీషు వ్యాకరణమంటే ఆ పుస్తకమే. (అందులోని రెన్, 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాసిన పి.సి. రెన్. ఆయన నవల మనవాళ్ళలో చాలామందికి తెలియదు, ఆయన అభ్యాసాలు తెలియనివారు లేరు.) కొత్త పుస్తకాలు దాన్నే డిటర్మైనర్ అంటాయి. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ వెలువరించిన కేంబ్రిడ్జి వ్యాకరణం మై, మైన్ రెండూ 'ఐ' అనే సర్వనామపు షష్ఠీ రూపాలేనంటుంది. తెలుగు చదువుకున్నవాడికి ఈ చివరి మాటే నచ్చుతుంది. నేను, నా, నన్ను, నాకు అన్నీ ఒక్క మాట రూపాలేనని మనకు తెలుసు. మీరు ఏ పేరైనా ఎంచుకోండి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అదొక్కటే ఉంచండి. పిల్లవాడు ఒక ఏడు అడ్జెక్టివ్ అనీ, మరుసటి ఏడు డిటర్మైనర్ అనీ నేర్చుకుని, ఒక మార్కు బిట్టులో రెండింటి మధ్యా ఊగిసలాడక్కర్లేదు. అసలు ఆ బిట్టే తీసేస్తే ఇంకా మంచిది.

పురుషల పేర్లలో ఇంతకన్నా పెద్ద గోతి ఉంది. తెలుగు పీరియడ్లో 'నేను' ఉత్తమ పురుష, 'నువ్వు' మధ్యమ పురుష, 'వాడు' ప్రథమ పురుష. తర్వాతి పీరియడ్లో ఇంగ్లీషు మాస్టారు వచ్చి 'ఐ' ఫస్ట్ పర్సన్ అంటారు. ప్రథమ అంటే మొదటిది, ఫస్ట్ అన్నా మొదటిదే. ఒకరి 'మొదటిది' నేను, ఇంకొకరి 'మొదటిది' వాడు. సంస్కృత వ్యాకరణం వాడితో లెక్క మొదలుపెట్టింది, ఐరోపా వ్యాకరణం నాతో మొదలుపెట్టింది. ఈ సంగతి పాఠం పక్కన చిన్న పెట్టెలో వేస్తే పోయేదానికి, ఎంతమంది పిల్లలు తమ బుర్రే సరిగా లేదనుకుంటూ బయటపడుతున్నారో.

అసలు కష్టం 'మా' దగ్గర మొదలవుతుంది.

మనం ఒంటరిగా సొంతం చేసుకునేవి తక్కువ. ఒక్కగానొక్క బిడ్డ కూడా 'మా అమ్మ' అంటుంది. మా ఇల్లు, మా ఊరు, మా బడి, మా టీచరు. పెళ్ళయ్యాక మా ఆయన, మా ఆవిడ. మాట వెంట మాట మార్చుకుంటూ పోతే 'అవర్ మదర్', 'అవర్ హౌస్' వస్తాయి. అక్కడితో ఆగితే పెద్ద నష్టం లేదు. 'అవర్ హజ్బెండ్' దాకా వస్తే ఇంగ్లీషు వినేవాడు ఉలిక్కిపడతాడు. తెలుగు 'మా' చాలాచోట్ల మనుషుల లెక్క చెప్పదు. నేను ఫలానా ఇంటి మనిషిని అని చెబుతుంది. ఇంగ్లీషు 'అవర్' ఖచ్చితంగా ఒకరికంటే ఎక్కువమందిని లెక్కపెడుతుంది. కాబట్టి మా అమ్మ 'మై మదర్' అవుతుంది, మా బడి 'మై స్కూల్' అవుతుంది. ఇక్కడ మీ పుస్తకం అడగాల్సిన అభ్యాసం ఖాళీలు పూరించడం కాదు. ఏ 'మా' మై అవుతుంది, ఏ 'మా' అవర్‌గానే ఉంటుంది అని పిల్లలతో ఏరించడం. క్రికెట్ ఆడి వచ్చిన పిల్లవాడి 'మా జట్టు' అవర్ టీమ్. వాడి 'మా నాన్న' మై ఫాదర్.

దీని చెల్లెలు 'మాది'. 'మీది ఏ ఊరు?' 'మాది ఖమ్మం.' 'మాది వ్యవసాయ కుటుంబం.' 'నాది టెన్త్.' ఊరు మన ఆస్తి కాదు, టెన్త్ క్లాసు అసలే కాదు. పుట్టుక, ఉనికి, చదువు చెప్పడానికి కూడా మనం ఈ మాటే వాడతాం. 'అవర్స్ ఈజ్ ఖమ్మం' అంటే అవతలివాడికి అర్థం కాదు. అక్కడ ఇంగ్లీషు 'ఐ యామ్ ఫ్రమ్' అంటుంది. మైన్, అవర్స్ నేర్పే పేజీలోనే ఈ మాట చెప్పాలి. ఆ పేజీ దాటితే దాన్ని చెప్పే చోటు ఇంకెక్కడా లేదు.

'మన' సంగతి ఇంకొకటి. 'మా'లో ఎదుటివాడు లేడు, 'మన'లో ఉన్నాడు. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు, రెండూ అవరే. ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగుకు 2019లో మొదలైన కార్యక్రమం పేరు 'మన బడి నాడు–నేడు'. తెలంగాణలో 2022లో వచ్చినది 'మన ఊరు – మన బడి'. రెండు ప్రభుత్వాలూ, ఇద్దరు ముఖ్యమంత్రులూ, రెండు పార్టీలూ 'మా' అనకుండా 'మన' అనే అన్నారు. ఇంగ్లీషు కాగితాల్లో అది అవర్ స్కూల్ అయ్యేసరికి, చదివేవాడిని కూడా కలుపుకున్న సంగతి ఎగిరిపోతుంది. పదో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వెతకలేను. గోడమీద రాసి ఉన్నదే.

మా, మన తేడాను ఇంగ్లీషులో కాగితం మీద పెట్టింది మనం కాదన్నది గుర్తుచేయాలి. కంపెనీ దొరలకు తెలుగు నేర్పాల్సి వచ్చినప్పుడు విలియం కేరీ 1814లో శ్రీరాంపురంలో, ఎ.డి. క్యాంబెల్ 1816లో మద్రాసులో, సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాలు ఇంగ్లీషులో రాశారు. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఈ రెండు రకాల బహువచనం మీద ఓపికగా చర్చించాడు. వాళ్ళ చదువరి ఇంగ్లీషువాడు. కాబట్టి వాడికి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, వాడి నాలుక ఎక్కడ తడబడుతుంది అని చూసుకుని రాశారు. పన్నులు వసూలు చేయడానికి వచ్చిన ఉద్యోగికి అలాంటి పుస్తకం దొరికింది. ఇంగ్లీషు నేర్చుకోబోయే తెలుగు పిల్లకు, రెండు వందల ఏళ్ళ తర్వాత, తన భాష వైపు నుంచి రాసిన పుస్తకం బడిలో దొరకాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

పైగా ఇప్పుడు దానికి వీలు కూడా కుదిరింది. ఇంగ్లీషు మాధ్యమం మీద జరిగిన వాదాలు ఇక్కడ తిరగదోడను. వాటి ఫలితంగా లెక్కలు, సైన్సు వంటి పుస్తకాలు రెండు భాషల్లో వచ్చాయి: ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. కిరణజన్య సంయోగక్రియకు తెలుగు పేజీ తోడుంది. ఇంగ్లీషు వ్యాకరణానికే ఎందుకు ఉండకూడదు? ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినిపించకూడదనే పాత నియమం పుస్తకం అట్టలోపల కూడా కాపలా కాయనక్కర్లేదు.

అలాంటి ఎదురు పేజీ ఉంటే అందులో సగానికి సగం నేను 'తన'కు ఇస్తాను. తెలుగు సర్వనామాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, పిల్లలను ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ ఇరికించేదీ అదే. 'రాము సోముతో తన పెన్ను పోయిందని చెప్పాడు.' పోయింది రాము పెన్ను, అనుమానమే లేదు. 'అతని పెన్ను పోయిందని చెప్పాడు' అంటే సోముదో, ఇంకెవరిదో. ఇంగ్లీషుకు వెళితే రెండూ 'హిజ్ పెన్' అయిపోతాయి. పోయింది ఎవరి పెన్నో వాక్యం చెప్పదు, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించుకోవాలి. అక్కడ తెలుగు చేసే పనిని ఇంగ్లీషు చేయలేదు. పిల్లలకు ఆ మాట చెప్పండి. ఎప్పుడూ మన భాషలో అది లేదు, ఇది లేదు అని వినే పిల్లలు ఒక్కసారి ఇటువైపు లెక్క కూడా వినాలి.

ఇక ఇరుకు ఎక్కడంటే, 'తన'కు ఆడా మగా లేవు. 'సీత తన పెన్ను పోగొట్టుకుంది', 'రాము తన పెన్ను పోగొట్టుకున్నాడు'. ఇంగ్లీషులో ఒకచోట హర్, ఒకచోట హిజ్. ఆ ఎంపిక తెలుగులో ఎప్పుడూ చేయలేదు కాబట్టి చేయాలన్న స్ఫురణే రాదు. చేతికి మొదట అందిన హిజ్ పడిపోతుంది. 'సీతా లాస్ట్ హిజ్ పెన్.'

దీనికి ఆరో తరగతి నుంచి హిందీ పీరియడ్ ఒకటి తోడవుతుంది. హిందీలో 'ఉస్కీ కితాబ్' అంటే కితాబ్ స్త్రీలింగం గనుక ఉస్కీ. పుస్తకం రాముదే కావచ్చు. వస్తువు లింగాన్ని బట్టి మాట మారుతుంది. ఇంగ్లీషులో వస్తువును చూడనే చూడరు, సొంతదారు ఎవరో చూస్తారు. తెలుగులో నాది, నావి అనేటప్పుడు వస్తువు ఒకటా, చాలానా అని మాత్రం చూస్తాం. మూడు పీరియడ్లు, మూడు న్యాయాలు. ఒకే పిల్ల పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఈ మూడింటి మధ్యా తిరుగుతుంది. ముగ్గురు మాస్టర్లు స్టాఫ్ రూములో పక్కపక్కనే కూర్చున్నా ఈ సంగతి ఒకరితో ఒకరు అనుకోరు. అనుకునేలా చేయగలిగింది మీ పుస్తకమే.

మర్యాద సంగతి కొంత సున్నితం. వాడు, అతను, ఆయన, వారు అని మనకు మెట్లు ఉన్నాయి. ఇంగ్లీషులో అన్నీ హీ. హెడ్మాస్టరు గారిని 'హీ' అనడానికి నోరు రాక, 'వారు' అన్న అలవాటు కొద్దీ 'దే', 'దెయిర్' అని రాసే పిల్లలున్నారు. ఎర్ర సిరాతో కొట్టేసేముందు ఆ తప్పు గౌరవంలోంచి వచ్చిందని తెలుసుకోవాలి. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నీ, మీ ఉండేవి. దౌ, దై అంటే నువ్వు, నీ. యువర్ అంటే మీ. కాలక్రమంలో నీ రాలిపోయి మీ ఒక్కటే మిగిలింది. ఆ లెక్కన ఇవాళ ఇంగ్లీషువాడు ఇంటి పిల్లినీ 'మీరు' అనే పిలుస్తున్నాడు. ఈ మాట చెబితే క్లాసంతా నవ్వుతుంది, యువర్ ఒక్కటే ఎందుకుందో మాత్రం ఎవరూ మరిచిపోరు. 'ఇట్' గురించి కూడా ఒక హెచ్చరిక కావాలి. ఇంట్లో చెల్లెల్ని ముద్దుగానో కోపంగానో 'అది ఇంకా లేవలేదు' అంటాం. ఆడపిల్లకూ వస్తువుకూ మనకు 'వచ్చింది' ఒక్కటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనూ ఏకవచనంలో మహతి (ఆడవాళ్ళను చెప్పే మాట) అమహత్తుతోనే (మనుషులు కానివాటిని చెప్పే మాటతోనే) కలిసి నడుస్తుంది. ఇంగ్లీషులో మనిషిని ఇట్ అంటే అది ముద్దు కాదు.

ఇట్స్ దగ్గర ఎస్ ముందు పైన కామా (అపాస్ట్రఫీ) పెట్టాలా వద్దా అనేది మన పరీక్షల్లో శాశ్వత ప్రశ్న. పెడితే 'ఇట్ ఈజ్', పెట్టకపోతే 'దాని'. నియమం అంతే, నేర్పాల్సిందే. కానీ తప్పు రాసిన పిల్లను ఎగతాళి చేసే ముందు ఈ మాట చరిత్ర తెలియాలి. 'ఇట్స్' ఇంగ్లీషులో పుట్టిందే పదహారో శతాబ్దం చివర్లో. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చయినప్పుడు అందులో ఆ మాట లేదు. ఉప్పు సారం గురించి చెప్పేటప్పుడు కూడా హిజ్ అనే రాశారు. పుట్టాక చాలాకాలం దాన్ని కామా గుర్తుతోనే రాసుకున్నారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలో, తనిఖీ చట్టాల ప్రస్తావనలో, ఇవాళ మన పిల్లలు రాసే ఆ 'తప్పు' ఉంది. జేన్ ఆస్టిన్ చేతిరాతలోనూ ఉంది. పైగా రాముస్ పెన్ అనడానికి ఆ గుర్తు పెట్టమని మనమే చెప్పి, ఇట్స్‌కు వద్దంటున్నాం. పిల్లది తర్కం తప్పలేదు, భాషే తప్పింది. మైసెల్ఫ్, యువర్సెల్ఫ్‌లో షష్ఠి ఉంది కదా అని 'హిజ్‌సెల్ఫ్' రాసే పిల్లవాడి సంగతీ అంతే. ఇంగ్లండు మాండలికాల్లో ఆ రూపం ఇప్పటికీ వినిపిస్తుంది. పరీక్షలో మాత్రం హిమ్‌సెల్ఫ్ రాయాలి.

చివరగా, వాల్యుయేషన్ కీ గురించి ఒక మనవి. 'ఎవ్రీ స్టూడెంట్ షుడ్ బ్రింగ్ డ్యాష్ బుక్' అని ఖాళీ ఇస్తారు. కీలో హిజ్ అని ఉంటుంది. 'దెయిర్' రాసిన పిల్లకు సున్నా. స్త్రీపురుషులిద్దరికీ హిజ్ చాలుననే ఏర్పాటు చట్టాలకు ఉంది. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు 13వ సెక్షను పుంలింగంలో స్త్రీలనూ కలుపుకోమంటుంది. చట్టం సంగతి చట్టానిది. మామూలు ఇంగ్లీషులో ఒక్కరిని ఉద్దేశించి దే, దెయిర్ వాడడం పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019కి ఈ 'దే'నే ఆ ఏటి మాటగా ఎంచింది. సగం మంది ఆడపిల్లలున్న క్లాసులో, ఆడా మగా తేడా లేని 'తన'తో పెరిగిన పిల్ల ఆ ఖాళీలో దెయిర్ రాస్తే, వచ్చే ఏటి కీలో దానికీ మార్కు వేయించండి. హిజ్, హర్, దెయిర్ మూడూ ఒప్పేనని ఒక్క పంక్తి చేర్చితే పేపర్లు దిద్దే మాకు అంతే చాలు.

ఇట్లు,
ఒక హైస్కూలు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు